తలగడ కింద నీలం

నాకు రాళ్ళ మీద నమ్మకం లేదు. రాళ్ళు అమ్ముకుని బతికే ఇంటి కోడలు అనకూడని మాట ఇది. పెళ్ళయిన కొత్తలోనే నోరు జారి అనేశాను. మా ఆయన పురుషోత్తం ఆ మాటను ఇప్పటికీ మరిచిపోలేదు. కూర మాడినా, చిట్టీ పాట చేజారినా, "నువ్వు నమ్మవు గదా, నీకు చెప్పి ఏం ఫాయిదా" అంటాడు.

శాలిబండలో మాది చిన్న దుకాణం. ముందు గదిలో ఉంగరాలు, లాకెట్లు, కమ్మలు. వెనక గదిలో రాళ్ళు పొదిగే బల్ల, ఆ వెనకే మా ఇల్లు. కెంపులూ పచ్చలూ పుష్యరాగాలూ గోమేధికాలూ కాగితపు మడతల్లో నిద్రపోతుంటాయి. ఈ మధ్య కాలేజీ పిల్లలు ఫోను చూపించి, "ఆంటీ, నేను అక్టోబర్‌ల పుట్టిన, నా బర్త్‌స్టోన్ ఏంది?" అని అడుగుతున్నారు. వాళ్ళను నేనే చూసుకుంటాను. వేసుకున్న డ్రెస్సుకు కలిసే రంగు తీసి చేతిలో పెడితే మురిసిపోతారు. జాతకం పట్టుకుని వచ్చేవాళ్ళు మాత్రం ఆయన దగ్గరికే వెళ్ళాలి. ఆయన నక్షత్రం అడుగుతాడు, కళ్ళు మూసుకుని ఏదో లెక్కలు కడతాడు, సగం మందిని "నీకు రాయి అక్కర్లేదు, పో" అని పంపేస్తాడు. ఇలాంటి వ్యాపారిని కట్టుకున్నందుకు మా పుట్టింటివాళ్ళు నన్ను చూసి జాలిపడేవారు.

నీలం విషయంలో అయితే ఆయనకు ఒళ్ళంతా భయమే. నీలం శనిది. పడిందా, మనిషిని అందలం ఎక్కిస్తుంది. పడలేదా, ఇల్లు ముంచుతుంది. అందుకే మా బజారులో ఎవరూ నీలాన్ని వెంటనే ఉంగరంలో ఎక్కించి ఇవ్వరు. ముందు ఉత్త రాయిని నల్లగుడ్డలో మూటకట్టి ఇస్తారు. పెట్టుకోవలసిన మనిషి దాన్ని మూడు రాత్రులు తలగడ కింద ఉంచుకుని పడుకోవాలి. పీడకలలు రాకుండా, ఇంట్లో కీడు జరగకుండా గడిచిపోతే అప్పుడు బంగారంలో పొదుగుతారు. వేలికి తగలాలని రాయి అడుగున బంగారం కోసి చిన్న కిటికీ వదులుతారు. ఏ కాస్త తేడా వచ్చినా రాయి వెనక్కి వస్తుంది, దుకాణదారు మారుమాట్లాడకుండా తీసుకోవాలి. దీన్నంతా నేను ముప్పై ఏళ్ళుగా వింతగా చూస్తూనే ఉన్నాను.

కృష్ణయ్య మాకు పాలు పోసేవాడు. వాళ్ళ దొడ్డి మా వెనక గల్లీలోనే. పొద్దున్నే బండికి రెండు పక్కలా క్యాన్లు కట్టుకుని వచ్చి, దుకాణం ముందు హారన్ కొట్టి, "విజయక్కా, ఇయ్యాల నీళ్ళు కలుపుడు మర్శిపోయిన, జర పైలంగ తాగుండ్రి" అని అరిచేవాడు. గల్లీ అంతా నవ్వేది. అలాంటి మనిషికి ఏడాదిగా ఏదీ కలిసి రాలేదు. ఈనిన బర్రె చచ్చిపోయింది. ఇంకొకటి వట్టిపోయింది. బండి మీద నుంచి పడి చెయ్యి విరిగింది. ఇది ఏలినాటి శని అనీ, నీలం పెట్టించమనీ ఎవరో అయ్యగారు చెప్పాడట.

చెప్పింది కృష్ణయ్యకు కాదు, వాళ్ళావిడ రుక్మాబాయికి. ఒక మధ్యాహ్నం ఆమె మా దుకాణానికి వచ్చి, చెవుల నుంచి కమ్మలు తీసి బల్ల మీద పెట్టింది.

"శేట్, ఇవి కరగవోసి ఆయనకు ఉంగరం చెయ్యుండ్రి. రాయి మీరే మంచిది చూడుండ్రి" అంది.

"కృష్ణయ్యను అడిగినవా?" అన్నాను నేను.

"అడగకుంట ఉంటనా అక్కా? 'ఆ రాయేదో బర్రె కొమ్ముకు కట్టు, పాలన్న ఎక్కువిస్తది' అన్నడు. ఆయనతోటి అయ్యే పని కాదిది. చెప్పకుంటనే తలగడ కింద పెడత. మూడు రాత్రులు మంచిగ గడిస్తే ఉంగరం చేతిల పెట్టి అప్పుడు చెప్త."

మా ఆయన తల అడ్డంగా ఊపాడు. "పెట్టుకునేటోనికి ఎర్కుండాలె తల్లీ" అన్నాడు. ఆమె వినలేదు. కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. చివరికి ఆయన లోపలికి వెళ్ళి మా మామగారి నాటి పెట్టె తెరిచాడు. అందులోంచి తెచ్చిన నీలాన్ని నేను కూడా అంతకుముందు ఒక్కసారే చూశాను. వెలుగుకు పట్టి చూస్తే సిరా బుడ్డి లోపల దీపం పెట్టినట్టు ఉంటుంది. ఎంతో మంది అడిగినా ఆయన దాన్ని బయటికి తీయలేదు. మంచివాడి వేలికి పోవాలని దాచుకున్నాడు. నల్లగుడ్డలో కట్టి, కళ్ళకద్దుకుని, రుక్మాబాయి చేతిలో పెట్టాడు.

మొదటి రాత్రి ఏమీ కాలేదు. రెండో రాత్రి గడిచి తెల్లవారుతుంటే దొడ్డిలో బర్రెలు అరుస్తున్నాయి. పాలు పితికే వేళ దాటిపోతోంది, ఈ మనిషి ఇంకా లేవలేదేమని రుక్మాబాయి వెళ్ళి భుజం తట్టింది. కృష్ణయ్య లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందని డాక్టరు చెప్పాడు.

మేము వెళ్ళేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చుట్టూ ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటున్నారు. ఆమె కంట్లో చుక్క నీరు లేదు. నన్ను చూసి నా మణికట్టు పట్టుకుంది, గాజులు ఒత్తుకుని నొప్పి పెట్టేంత గట్టిగా పట్టుకుంది. దుఃఖం అనుకున్నాను. నాకు రాయి గుర్తే రాలేదు, నిజం చెప్పాలంటే.

దినాలు పూర్తయ్యేదాకా మొగుడు పోయిన ఆడమనిషి గడప దాటకూడదంటారు. ఆమె దాటింది. మిట్టమధ్యాహ్నం గల్లీలో మనుషులు లేని వేళ చూసుకుని, కొంగు ముఖం మీదికి లాక్కుని మా దుకాణంలోకి వచ్చింది. నల్లమూటను బల్ల మీద పెట్టింది.

"శేట్, మీ రాయి తీసుకోండ్రి. ఇది ఆయనకు పడలే" అంది.

మా ఆయన చెయ్యి చాచలేదు. నేనే ఆమెను పట్టుకుని కూర్చోబెట్టాను.

"డాక్టరు గుండె అన్నడు గద రుక్మా. రాయి ఏం చేస్తది?"

"గుండె రోజు కొట్టుకునేదే గదక్కా. గా రాత్రే ఎందుకాగింది?" అంది ఆమె, ఎంతో మెల్లగా. "ఆయనకు చెప్తే ఒద్దంటుండె. అందుకే చెప్పలే. దొంగతనంగ తీస్కపోయి నా చేతులతోటి తలకాయ కింద పెట్టిన. రెండో రాత్రి నిద్రల జర మూలిగిండు. రాయి పని చేస్తున్నదని సంబురపడ్డనక్కా. సంబురపడి మల్ల పండుకున్న."

ఆమె మా ఆయన వైపు తిరిగింది.

"మీకు తెలుస్తది శేట్. మీరు చెప్పుండ్రి. రాయి పడకనే పోయిండా?"

కాదు అనడానికి ఎంత సేపు పడుతుంది? ఆయన మూట వైపు చూస్తూ ఉండిపోయాడు. రుక్మాబాయి కాసేపు ఎదురుచూసింది, తనకు జవాబు దొరికినట్టు తల ఊపింది, లేచి వెళ్ళిపోయింది. కమ్మలు తీసుకుపొమ్మని నేను వెనక నుంచి పిలిచినా తిరిగి చూడలేదు.

ఆమె మలుపు తిరిగిందో లేదో నేను ఒంటికాలి మీద లేచాను. "ఒక్క మాట! కాదు తల్లీ అని ఒక్క మాట అనడానికి నోట్లో ఏం పెట్టుకున్నరు?"

"ఎట్లంట విజయా?" అన్నాడు. "నాకే తెల్వనిది నోటితోటి ఎట్లంట?"

అప్పుడు అర్థమైంది నాకు. ఆయన కూడా అదే అనుకుంటున్నాడు. ఆ రాయే కృష్ణయ్యను తీసుకుపోయిందని నమ్ముతున్నాడు. ఆ మూటను సొరుగులో పడేసి తాళం వేశాడు. జాతకాలతో వచ్చినవాళ్ళను వచ్చినట్టే పంపేయడం మొదలుపెట్టాడు.

కొన్నాళ్ళకు రుక్మాబాయి కొడుకు సాయికుమార్ వచ్చాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తాడు, పెళ్ళీడు కుర్రాడు. తండ్రి పోయాక గడ్డం పెరిగి గుర్తుపట్టలేకుండా ఉన్నాడు.

"పెద్దమ్మా, అమ్మ తింటలేదు" అన్నాడు. "నాయిన తలగడ ఎదురుంగ పెట్టుకుని కూసుంటది. నేనే సంపిన, నేనే సంపిన అంటది. మేనత్త నోట్ల ముద్ద పెడితే ఉమ్మేసింది. దవాఖానకు తీస్కపోతే సూది ఇచ్చి పంపిండ్రు. బర్రెల దిక్కే చూస్తలేదు. నేను పనికి పోతే ఏమన్న చేసుకుంటదని భయమైతుంది. మీ మాట ఇంటదని వచ్చిన."

నా మాట వినదు. ఎవరి మాట వింటుందో నాకు తెలుసు. సాయికుమార్‌ను పంపి, షట్టర్ సగం దించి, మా ఆయన ముందు కూర్చున్నాను.

"రుక్మకు ఇచ్చింది నీలం కాదని చెప్పుండ్రి" అన్నాను. "గాజు అని చెప్పుండ్రి. గాజుముక్కకు మనిషిని సంపే బలం ఉండదు గద. ఆమె నెత్తి మీది బరువు దిగుతది."

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "మా నాయన కూసున్న గద్దె మీద కూసుని, గాజు ఇచ్చిన అనాల్నా?"

"అనాలె."

"బజార్ల తలకాయ ఎట్లెత్తాలె నేను? మనీష్‌కు ఏం మిగులుతది?"

మనీష్ మా అబ్బాయి. కొత్త బజారులో వేరే దుకాణం పెట్టి మా పేరే బోర్డు మీద రాయించుకున్నాడు. ఆ పేరు తప్ప మేము వాడికి ఇచ్చింది కూడా ఏమీ లేదు. నాకు అదంతా తెలుసు. అయినా ఊరుకోలేదు.

"ఆమె ఉరేసుకున్నంక ఆ గద్దె మీద ఎట్ల కూసుంటరో అది చెప్పుండ్రి ముందు" అన్నాను. ఇంత కటువుగా ఆయనతో ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన లేచి వెనక గదిలోకి వెళ్ళాడు. చాలా సేపు బయటికి రాలేదు. వచ్చాక, "కమ్మలు తీస్కపోనీకి రమ్మని పిలువు" అన్నాడు.

మరునాడు సాయికుమార్ తల్లిని దాదాపు మోసుకుంటూ తెచ్చాడు. ఆమె చెంపలు లోపలికి పోయాయి, చీర కట్టింది కట్టినట్టు లేదు. సరిగ్గా ఆ వేళకే సైదాబాద్ నుంచి పాత ఖాతాదారులు వచ్చి కూర్చున్నారు. వాళ్ళమ్మాయి ప్రీతికి పెళ్ళి, నవరత్నాల హారం చేయించాలి. బల్ల మీద రంగురంగుల రాళ్ళు పరిచి ఉన్నాయి. వాళ్ళు వెళ్ళేదాకా ఆగమని నేను మా ఆయనకు కళ్ళతో సైగ చేశాను.

ఆయన ఆగలేదు. రహస్యంగా చెప్తే ఆమె నమ్మదని ఆయనకు నాకంటే బాగా తెలుసు. సొరుగు తెరిచి నల్లమూట తీశాడు.

"రుక్మమ్మా" అన్నాడు, అందరికీ వినపడేలా. "నేను నీకిచ్చింది నీలం కాదు. గాజు."

ప్రీతి తల్లి చేతిలోని పచ్చను మెల్లగా కింద పెట్టింది. రుక్మాబాయి తల అడ్డంగా ఊపింది. "నన్ను చూసి జాలిపడి చెప్తున్నరు శేట్. మీరు గట్లాంటోళ్ళు కాదు."

"చూడు మరి" అని ఆయన ఇనుప దిమ్మెను ముందుకు లాగాడు. మూట విప్పి నీలాన్ని దాని మీద పెట్టాడు. ఏం చేయబోతున్నాడో నాకు తట్టేలోపే సుత్తి ఎత్తి కొట్టాడు. మొదటి దెబ్బకే పగిలింది. నీలి ముక్కలు బల్ల మీదికీ నేల మీదికీ చెదిరాయి.

"అసలు రాయి పగులుతదా అమ్మా?" అన్నాడు.

పగులుతుంది. సుత్తితో కొడితే వజ్రం కూడా పగులుతుంది. గీత పడకపోవడం వేరు, దెబ్బకు ఆగడం వేరు. మా బజారులో అందరికీ తెలుసు ఈ సంగతి. బజారుకు బయట మాత్రం ఒక్కరికీ తెలియదు. అసలుదైతే పగలదనే అందరి నమ్మకం. రాళ్ళు ఒకదానికొకటి రాసుకుంటాయని విడివిడిగా మడతలు కట్టే మనిషి తన తండ్రి దాచిన రాయిని అలా చేశాడు. దెబ్బ వేసినప్పుడు ఆయన కళ్ళు మూసుకోవడం నేనొక్కదాన్నే చూశాను.

ప్రీతి తల్లి సంచి తీసుకుని లేచింది. "లే బిడ్డా, పోదాం" అంది. పోతూ పోతూ మా బోర్డు వైపు ఒకసారి చూసింది.

రుక్మాబాయి ముక్కల వైపే చూస్తోంది. ఇక దిగుతుంది బరువు, ఏడుస్తుంది, ఏడ్చి తేరుకుంటుంది అని నేను ఎదురుచూశాను. ఆమె తల ఎత్తింది.

"అయితే శేట్" అంది. "అసలు నీలమే అయ్యుంటే ఆయన బతుకుతుండెనా?"

ఇది నాకు తోచనే లేదు. తెలివిగల దాన్నని ఎన్నేళ్ళు మురిసిపోయానో! మనిషిని చంపగల రాయి మనిషిని బతికించనూ గలదు కదా, నమ్మేవాళ్ళకు. ఇంకో దుకాణానికి పోయి ఉంటే, అసలుది తెచ్చి ఉంటే అని ఆమె మళ్ళీ తన గొంతుకే ఉరి బిగించుకుంటుందని భయపడి, కాదు కాదు అని అడ్డుపడబోయాను. మా ఆయన చెయ్యి పైకెత్తి నన్ను ఆపాడు.

"బతుకుతుండె తల్లీ" అన్నాడు. "నువ్వు మంచికే పెట్టినవ్. నీ చేతుల దోషం లేదు. నేనే మోసం చేసిన. మీ ఇంటాయనను నేనే సంపిన."

రుక్మాబాయి నోరు తెరుచుకుంది. మొదట శబ్దం రాలేదు. తర్వాత వచ్చిన అరుపుకు ఎదుటి దుకాణాల వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. "నీ చేతులు పడిపోను! నీ ఇంట్ల దీపమారిపోను! నమ్మి వస్తే నా మొగున్ని సంపినవ్ గదరా!" అని ఆమె దిమ్మె మీద తల బాదుకోబోయింది. పట్టుకోబోతే నన్ను తోసేసింది. "నువ్వు గూడ కలిసినవ్ కదే అక్కా" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. సాయికుమార్ మా ఆయన చొక్కా పట్టుకున్నాడు, కొట్టబోయి, ఎందుకో వదిలేసి, తల్లిని నడిపించుకుపోయాడు. గల్లీ పొడవునా ఆమె ఏడుపు వినిపించింది. మొగుడు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

గుంపు చెదిరాక ఆయన చీపురు తీసుకున్నాడు. మా వృత్తిలో నేల దుమ్మును కూడా పారెయ్యరు, బంగారు రజను ఉంటుందని దాస్తారు. ఆయన ఆ ముక్కలన్నీ ఊడ్చి బల్దియా చెత్తబండిలో వేసి వచ్చాడు. సాయంత్రానికి మనీష్ ఫోన్ చేసి ఒకటే లొల్లి. "ముక్కలన్న దాచకపోతిరి! ల్యాబుకు పంపితే అసలు నీలమని కాగితమిస్తుండిరి, అందరికి చూపిస్తుంటిమి" అని. కొత్త దుకాణం బోర్డు మార్చుకుంటానన్నాడు. ఆయన "మార్చుకో బేటా" అని ఫోన్ పెట్టేశాడు.

నేను ఆయన పక్కన కూలబడ్డాను. "నా అబద్ధం తెచ్చి మీ నెత్తిన పెట్టిన" అన్నాను.

"ఏది అబద్ధం?" అన్నాడు ఆయన. "గాజు అన్నది అబద్ధం. మిగిలింది కాదు. రాయి తీసిచ్చింది నేనే గద విజయా."

ఆ రోజే నాకు తెలిసింది, ఇన్నాళ్ళూ రుక్మాబాయి ఒక్కతే కాదు, మా ఇంట్లో ఈయన కూడా ముద్ద దిగకుండా, మనసులో ఆ తలగడ ముందే కూర్చుంటున్నాడని. ఆమెకు తిట్టడానికి ఒక మనిషిని చూపించాను. ఈయనకు ఎవరిని చూపించను? ఇది రాయి వల్ల కాదయ్యా, గుండె ఆగింది అంతే అని ఎంత చెప్పినా ఆయనకు ఎక్కదు. నమ్మనిదాని మాట.

జాతకాల వాళ్ళు రావడం మానేశారు. కాలేజీ పిల్లలు కూడా ఎదుటి పక్క నుంచి నడిచిపోతున్నారు. పని లేని దుకాణాన్ని ఆయన మాత్రం మునుపటికంటే ముందే తెరుస్తున్నాడు. పాలు పోసే వేళకు షట్టర్ ఎత్తి, గద్దె మీద కూర్చుని ఉంటాడు. రుక్మాబాయి ఇప్పుడు తానే క్యాను పట్టుకుని ఇంటింటికీ పాలు పోస్తోంది. మా దుకాణం ముందు ఆగుతుంది. నోటికొచ్చినట్టు తిడుతుంది, గడప మీద ఉమ్మేస్తుంది, సాగిపోతుంది. ఆయన తల వంచుకుని మొత్తం వింటాడు. షట్టర్ కాస్త ఆలస్యంగా ఎత్తమని నేను ఒకసారి బతిమాలాను. "మరి ఎవల్ని తిట్టాలె ఆమె?" అన్నాడు.

నిన్న ఆమె రాలేదు. ఎండ గడప ఎక్కేదాకా ఆయన గల్లీ వైపే చూస్తూ కూర్చున్నాడు. టీ చల్లారిపోయింది. పొద్దుటి టిఫిను ముట్టలేదు. "నువ్వు పోయి దూరంకెంచి చూసిరా, తింటున్నదో లేదో" అని నన్ను పంపాడు. వెళ్ళి చూశాను. జ్వరమట, దుప్పటి కప్పుకుని అరుగు మీద కూర్చుని జావ తాగుతోంది. సాయికుమార్ బర్రెల దగ్గర ఉన్నాడు. వచ్చి చెప్పినా ఆయనకు నమ్మకం కుదరలేదు, ఆ పూటంతా ఏమీ తినలేదు.

ఈ పొద్దున క్యాను చప్పుడు వినిపించింది. ఆయన గబుక్కున లేచి, మళ్ళీ సర్దుకుని కూర్చున్నాడు. రుక్మాబాయి ఆగి, రెండు రోజుల తిట్లూ కలిపి తిట్టింది. ఉమ్మేసి వెళ్ళిపోయింది. నేను తలుపు వెనక నిలబడి ఏడుస్తున్నాను. ఆయన లోపలికి వచ్చి, చేతులు కడుక్కుని, పళ్ళెం ముందు కూర్చున్నాడు.

"పెట్టు" అన్నాడు. "ఇయ్యాల ఆమె గొంతు మంచిగున్నది."